పాఠం 17: అరుదైన నీటిపక్షిని గుర్తించడం, నిర్ధారించడం

17.0 పరిచయం

కిందటి పాఠంలో చెరువులు, నదులు, చిత్తడినేలలపై ఆధారపడి బతికే సాధారణ పక్షులను గురించి తెలుసుకున్నారు. నీటికాకి, నారాయణపక్షి, గూడబాతు వంటివాటిని చూడగానే గుర్తుపట్టడం ఇప్పుడు మీకు కష్టం కాదు. అయితే ఒకరోజు ఆ ప్రాంతంలో ఉండకూడని పక్షి ఒకటి మీ కంట పడిందనుకోండి. అప్పుడు ఏం చేయాలి? "నేను చూశాను" అంటే సరిపోతుందా? మీరు చూసినదాన్ని ఇతరులు నమ్మాలంటే ఏమేమి ఉండాలి? ఈ పాఠంలో ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకుందాం.

ఈ పనికి పెద్ద చదువు అవసరం లేదు. ఓపిక, నిజాయితీ, ఒక నోటుపుస్తకం కావాలి. దుర్భిణి ఉంటే మరీ మంచిది. మన ఉదాహరణకు ఢిల్లీలోని మునిర్కాను తీసుకుందాం. చదువుకోసమో ఉద్యోగంకోసమో వచ్చి అక్కడ గది అద్దెకు తీసుకుని ఉంటున్నవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. మునిర్కాలో మెజెంటా లైను మెట్రో ఎక్కితే మధ్యలో బండి మారకుండా ఓఖ్లా పక్షుల సంరక్షణ కేంద్రం స్టేషనులో దిగవచ్చు. యమునానదిపై ఓఖ్లా ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ సరిహద్దున, సుమారు 4 చదరపు కిలోమీటర్ల మేర ఈ కేంద్రం ఉంది. దీన్ని 1990లో సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. చలికాలంలో ఉత్తరదేశాలనుంచి వేలాది బాతులు ఇక్కడికి వస్తాయి.

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక పక్షి "సాధారణ పరిధి" అంటే ఏమిటో వివరించగలుగుతారు;
• అరుదైన పక్షి కనిపించినప్పుడు ఏ లక్షణాలను ఏ వరుసలో రాసుకోవాలో చెప్పగలుగుతారు;
• గుర్తింపులో సాధారణంగా జరిగే పొరపాట్లను పేర్కొనగలుగుతారు;
• ఒక నివేదికను ఎలా పరీక్షిస్తారో, ఎందుకు పరీక్షిస్తారో తెలుపగలుగుతారు.

17.2 సాధారణ పరిధి అంటే ఏమిటి?

ప్రతి పక్షిజాతికీ గుడ్లు పెట్టే చోటు, చలికాలం గడిపే చోటు, ఈ రెండింటి మధ్య ప్రయాణించే దారి ఉంటాయి. వీటన్నిటినీ కలిపి ఆ జాతి సాధారణ పరిధి అంటాం. కొన్ని పక్షులు ఏడాది పొడుగునా ఒకే ప్రాంతంలో ఉంటాయి. కొన్ని వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తాయి.

పరిధి తెలియకపోతే అరుదైనదేదో, కానిదేదో తెలియదు. దీనికి మన ఇంటి ఉదాహరణ ఒకటి చూడండి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్లపై గూళ్లు కట్టే పెద్ద పక్షులను చాలాకాలంగా "సైబీరియా పక్షులు" అని పిలుస్తున్నారు. నిజానికి అవి ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. అవి సైబీరియాలో గుడ్లు పెట్టవు. పిల్లలను పెంచడానికి వచ్చి, ఆ పని ముగిశాక చుట్టుపక్కల ప్రాంతాలకు చెదిరిపోతాయి. దూరంనుంచి వచ్చింది కాబట్టి సైబీరియా పక్షి అనుకోవడం వాడుకలో స్థిరపడిపోయింది.

అసలైన సైబీరియా కొంగ వేరు. ఒళ్లంతా తెల్లగా, ముఖం ఎర్రగా ఉండే ఈ పక్షి ఢిల్లీకి దక్షిణాన రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ప్రతి చలికాలం వచ్చేది. 2002 తరువాత అది అక్కడికి రాలేదు. ఈనాడు ఎవరైనా "యమునలో సైబీరియా కొంగను చూశాను" అంటే అది ఎంత పెద్ద వార్తో, దానికి ఎంత గట్టి ఆధారం కావాలో దీన్నిబట్టి మీరే ఊహించగలరు.

పక్షులు పరిధి దాటి కనిపించడానికి ముఖ్యమైన కారణాలు ఇవి:
(అ) తుపాను గాలులు. బంగాళాఖాతంలో తుపాను వచ్చిన తరువాత సముద్రపక్షులు లోతట్టు చెరువులదాకా కొట్టుకురావచ్చు.
(ఆ) అనుభవం లేని పిల్లపక్షులు మొదటి ప్రయాణంలో దారి తప్పడం.
(ఇ) వేరే జాతి గుంపులో కలిసి, ఆ గుంపుతోపాటే వచ్చేయడం.
(ఈ) తమ ప్రాంతంలో నీరు ఎండిపోవడం.
(ఉ) ఎవరో పంజరంలో పెంచిన పక్షి తప్పించుకుని రావడం. ఇది అసలైన రాక కాదు. దీన్ని గురించి 17.5లో చూద్దాం.

పాఠ్య ప్రశ్నలు 17.1
1. సాధారణ పరిధిలో చేరే మూడు అంశాలు ఏవి?
2. తేలినీలాపురం ఎర్రకాళ్ల కొంగలను సైబీరియా పక్షులనడం ఎందుకు సరికాదు?

17.3 చూసినప్పుడు ఏం రాసుకోవాలి?

కొత్త పక్షి కనిపించగానే చాలామంది పుస్తకం తెరుస్తారు. ఇది సరైన పద్ధతి కాదు. బొమ్మ చూసిన తరువాత బొమ్మలో ఉన్నది పక్షిలోనూ ఉన్నట్టే అనిపిస్తుంది. ముందు పక్షిని చూడండి. చూసింది రాయండి. ఆ తరువాతే పుస్తకం తెరవండి. రాసేటప్పుడు కింది వరుస పాటిస్తే ఏదీ మరచిపోరు.

1. తేదీ, సమయం, స్థలం, వెలుతురు, దూరం.
2. పరిమాణం. "పెద్దది" అని రాయకండి. పక్కనున్న తెలిసిన పక్షితో పోల్చండి. ఉదాహరణకు "నామంకోడి కన్నా పెద్దది" అనండి.
3. ఆకారం. తల, ముక్కు, మెడ, తోక ఎలా ఉన్నాయి?
4. రంగులు. ముక్కునుంచి మొదలుపెట్టి తోకదాకా భాగం తరువాత భాగం రాయండి.
5. ఎగిరినప్పుడు రెక్కపై కనిపించే పట్టీ.
6. నడవడి. మునుగుతోందా, తల మాత్రమే ముంచి మేస్తోందా? ఏ పక్షులతో ఉంది?
7. కూత.
8. చూడలేకపోయినవి. "కాళ్లు కనిపించలేదు" అని రాయడం కూడా ఆధారమే.

ఓఖ్లాలో కాలిబాట నదికి తూర్పున, నోయిడా వైపున ఉంది. అక్కడినుంచి నీటిని చూస్తే ఉదయం సూర్యుడు మీ వెనుక ఉంటాడు. రంగులు స్పష్టంగా తెలుస్తాయి. సాయంత్రం సూర్యుడు ఎదురుగా ఉంటాడు. అప్పుడు బాతులన్నీ నల్లని నీడల్లా కనిపిస్తాయి. అందుకే సమయం, వెలుతురు మొదట రాయాలి. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు ఉంటే అదికూడా రాయాలి.

ఇప్పుడు ఒక నమూనా పుట చూడండి. ఇది పద్ధతి తెలియడానికి రాసిన ఉదాహరణ మాత్రమే.

"జనవరి 12. ఉదయం 8.10. ఓఖ్లా. పొగమంచు విడిపోయింది, ఎండ నా వెనుకనుంచి పడుతోంది. దూరం సుమారు 60 అడుగులు. గాడ్వాల్ బాతుల గుంపులో ఒక్కటి వేరుగా ఉంది. పరిమాణం దాదాపు గాడ్వాల్ అంతే. తల పెద్దది, వెనుక జూలులా వేలాడుతోంది. నడినెత్తి రాగిరంగు, చెంపలు ఆకుపచ్చ. గొంతు తెలుపు, దానికి అడ్డంగా నల్లని పట్టీ. ఒళ్లు బూడిదరంగు. రెక్కలనుంచి పొడవైన ఈకలు కొడవలిలా వంగి తోకమీదుగా నీటివైపు వేలాడుతున్నాయి. తల ముంచి మేస్తోంది. ఎగరలేదు, రెక్కపట్టీ చూడలేదు. కూత వినలేదు. 25 నిమిషాలు చూశాను. ఫోనుతో 6 ఫోటోలు."

ఈ వర్ణన చదివినవారికి పేరు చెప్పనక్కరలేదు. ఇది కొడవలి ఈకల బాతు. దీన్ని ఇంగ్లీషులో ఫాల్కేటెడ్ డక్ అంటారు. లాటిన్ భాషలో కొడవలికి ఉన్న పేరునుంచే ఈ పేరు వచ్చింది. ఇది తూర్పు సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనాలలో పిల్లలను పెంచి, చలికాలానికి ఎక్కువగా చైనా, కొరియా, జపాను దేశాలకు వెళుతుంది. ఉత్తర భారతదేశానికి ఏ కొద్దో వస్తాయి, అవీ తరచుగా ఇతర బాతుల గుంపుల్లో ఉంటాయి.

పక్షి ఆడదైతే పని ఇంత సులువు కాదు. ఆడ ఫాల్కేటెడ్ బాతు గోధుమరంగు. ఆడ గాడ్వాల్ కూడా గోధుమరంగే. తేడా ముక్కులో ఉంది. ఆడ గాడ్వాల్ ముక్కు అంచుల్లో నారింజరంగు ఉంటుంది. ఫాల్కేటెడ్ ముక్కు మొత్తం ముదురు బూడిదరంగు. ముక్కు సరిగా కనిపించకపోతే "గుర్తించలేదు" అని రాయడమే సరైన సమాధానం.

17.4 పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

పొరపాటు చేసేవారంతా అబద్ధం చెప్పేవారు కారు. కంటికి కనిపించింది నిజమే అయినా మనసు దానికి తప్పు పేరు పెట్టవచ్చు. సాధారణ కారణాలు ఇవి:

• వెలుతురు: సూర్యోదయం, సూర్యాస్తమయం సమయాల్లో తెల్లని ఈకలు గులాబిరంగుగా కనిపిస్తాయి.
• ఈకలు రాల్చడం: సంతానకాలం ముగిశాక మగబాతులు మెరుపు ఈకలు రాల్చి కొంతకాలం ఆడవాటిలాగే కనిపిస్తాయి.
• మరకలు: ఇనుము ఎక్కువగా ఉన్న బురదలో మేసే పక్షుల తల, మెడ తుప్పురంగుకు మారవచ్చు.
• రంగులోపం: పుట్టుకతో కొన్ని ఈకలు తెల్లబడిన పక్షి కొత్త జాతిలా కనిపిస్తుంది.
• సంకరం: రెండు జాతుల బాతులకు పుట్టిన పిల్లలో రెండింటి లక్షణాలూ ఉంటాయి.
• కోరిక: అరుదైనది చూడాలన్న ఆశ. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు చేయించేది ఇదే.

గులాబితల బాతు కథ ఈ చివరి కారణానికి మంచి ఉదాహరణ. గంగామైదానంలోని గడ్డి పెరిగిన మడుగుల్లో ఒకప్పుడు ఈ బాతు ఉండేది. ముదురు చాక్లెట్ రంగు ఒళ్లు, లేత గులాబిరంగు తల, మెడ దాని గుర్తులు. 1935లో బీహారులోని దర్భంగా ప్రాంతంలో కనిపించిన తరువాత అడవిలో దాని ఉనికికి తిరుగులేని ఆధారం దొరకలేదు. ఆ తరువాత ఎందరో దాన్ని చూశామన్నారు. పరీక్షించి చూస్తే వాటిలో అనేకం రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్ అనే మరో బాతు. దీని మగపక్షికి గుండ్రని నారింజ తల, ఎర్రని ముక్కు ఉంటాయి. చలికాలంలో ఉత్తర భారతదేశపు నీటిపట్టుల్లో దీన్ని చూడవచ్చు.

ఈ రెండింటినీ వేరుచేయడానికి తలమీదే దృష్టి పెట్టేవారు మోసపోతారు. ఒంటిని చూడండి. పోచార్డ్ రొమ్ము నలుపు, పక్కలు తెలుపు. ఎగిరితే రెక్కపై వెడల్పాటి తెల్లని పట్టీ కనిపిస్తుంది. గులాబితల బాతు పక్కలు ముదురు గోధుమరంగు, తెలుపు ఉండదు. ఒక్క ఆకర్షణీయమైన లక్షణంతో సరిపెట్టుకోకుండా, దానికి వ్యతిరేకంగా నిలిచే లక్షణాన్ని కూడా వెతకాలి. "ఇది ఫలానా పక్షి అని ఎందుకు అనాలి?" అని ఒకసారి అడిగితే, "ఇది ఫలానా పక్షి కాదని ఎందుకు అనకూడదు?" అని రెండుసార్లు అడగాలి.

పాఠ్య ప్రశ్నలు 17.2
1. పుస్తకం చూడకముందే వర్ణన ఎందుకు రాయాలి?
2. ఖాళీలను పూరించండి:
(అ) ఆడ గాడ్వాల్ ముక్కు అంచుల్లో ________ రంగు ఉంటుంది.
(ఆ) గులాబితల బాతు ఉనికికి తిరుగులేని చివరి ఆధారం ________ సంవత్సరానిది.

17.5 నిర్ధారించడం

గుర్తించడం మీ పని. నిర్ధారించడం నలుగురి పని. ఒక నివేదిక వచ్చినప్పుడు పరీక్షించేవారు ముఖ్యంగా నాలుగు ప్రశ్నలు వేస్తారు.

మొదటి ప్రశ్న: ఇచ్చిన ఆధారం ఆ ఒక్క జాతికే సరిపోతుందా? ఫోటో ఉన్నా అందులో అసలు లక్షణం కనిపించకపోతే ప్రయోజనం లేదు. ఫోటో లేకపోయినా అక్కడికక్కడే రాసిన పూర్తి వర్ణనకు విలువ ఉంటుంది. వారం తరువాత జ్ఞాపకంనుంచి రాసినదానికి ఆ విలువ ఉండదు.

రెండవ ప్రశ్న: ఇంకెవరు చూశారు? మీరు చూసిన వెంటనే ఇతరులకు తెలియజేస్తే వారు స్వయంగా వచ్చి చూడగలుగుతారు. అయితే గూడుమీద ఉన్న పక్షి ఆచూకీని మాత్రం బహిరంగంగా చెప్పకూడదు. జనం గుమికూడితే పక్షి గూడు వదిలేస్తుంది.

మూడవ ప్రశ్న: అది స్వేచ్ఛగా తిరిగే పక్షేనా? పార్కుల చెరువుల్లో పెంపుడు బాతులు ఉంటాయి. ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో బయటిదేశాల పక్షులను కూడా పెంచుతారు. రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయా, మనుషులంటే భయం లేకుండా ఉందా, తోక ఈకలు పంజరానికి రాసుకుని అరిగిపోయాయా అని చూడాలి. కాలికి ఉంగరం ఉంటే దానిపై అక్షరాలు చదవాలి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు తొడిగే లోహపు ఉంగరాలపై ఆ సంస్థ పేరు ఉంటుంది. మంగోలియాలో శాస్త్రజ్ఞులు మెడకు రంగుపట్టీలు వేసిన బాతులు మన దేశంలో కనిపించాయి. అంటే ఉంగరమో పట్టీయో ఉన్నంతమాత్రాన పెంపుడు పక్షి కాదు. అలాగే జంతుప్రదర్శనశాలలో ఉన్నంతమాత్రాన బందీ కాదు. 1960నుంచి ఢిల్లీ జంతుప్రదర్శనశాల కొలనుల్లోని చెట్లపై ఎర్రకాళ్ల కొంగలు తమంతట తాము వచ్చి గూళ్లు కడుతున్నాయి. ఎవరూ వాటిని తెచ్చి పెట్టలేదు.

నాలుగవ ప్రశ్న: చెప్పిన స్థలం, తేదీ నిజమేనా? ఇది అనవసరమైన అనుమానం కాదు. అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబ విషయంలో ఏం జరిగిందో చూడండి. రిచర్డ్ మైనర్ట్జాగన్ అనే బ్రిటిష్ సైన్యాధికారి 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర దీన్ని సేకరించానని చెప్పాడు. అది నిజమని నమ్మినవారు అక్కడ వెతికి నిరాశపడ్డారు. తరువాత పమేలా రాస్ముసెన్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ నమూనా మరొకరు 19వ శతాబ్దంలో సేకరించినదని, మ్యూజియంనుంచి దొంగిలించి, మళ్లీ కుట్టి, కొత్త చీటీ తగిలించినదని కనిపెట్టింది. ఆ తప్పుడు చీటీని పక్కనపెట్టి, మిగిలిన నిజమైన నమూనాల స్థలాలను అనుసరించి వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర పక్షి ప్రాణాలతో దొరికింది. ఒక్క అబద్ధపు చిరునామా ఎన్ని ఏళ్ల శ్రమను దారి తప్పించిందో గమనించండి.

ఈ పరీక్షలు ఇప్పుడు ఎలా జరుగుతున్నాయి? అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ప్రారంభించిన ఈబర్డ్‌లో ఎవరైనా తాము చూసిన పక్షుల పట్టిక నమోదు చేయవచ్చు. ఆ ప్రాంతానికి, ఆ నెలకు అసాధారణమైన పేరు వస్తే యంత్రం వెంటనే వివరాలు అడుగుతుంది. ఆ తరువాత ఆ ప్రాంతపు పక్షులు బాగా తెలిసిన స్వచ్ఛంద పరిశీలకులు దాన్ని చూస్తారు. పాత రికార్డులతో పోల్చడమూ ముఖ్యమే. ఢిల్లీకి సంబంధించి ఉషా గంగూలీ పుస్తకం 1975లోనే వెలువడింది. ఈ రంగంలో తెలుగుగడ్డ పాత్ర కూడా చిన్నది కాదు. 1980లో హైదరాబాదులో పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. ఇప్పుడది డెక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తోంది. ఇండియన్ బర్డ్స్ పత్రిక హైదరాబాదునుంచే మొదలైంది. దేశంలో నమోదైన పక్షులన్నిటినీ ఒక్కొక్కటిగా ఆధారాలతో సరిచూసి 2016లో ఆ పత్రికలో ప్రచురించిన పట్టికలో 1263 జాతులు ఉన్నాయి. సరైన ఆధారం లేని పేర్లను అందులో చేర్చలేదు.

మీ నివేదికను అంగీకరించకపోతే నొచ్చుకోకండి. "నిర్ధారణ కాలేదు" అంటే "నువ్వు అబద్ధమాడావు" అని అర్థం కాదు. ఇచ్చిన ఆధారం చాలలేదని మాత్రమే అర్థం. మీ నోటుపుస్తకం మీ దగ్గరే ఉంటుంది. రేపు మరో ఆధారం దొరికితే అదే పుట తిరిగి పనికివస్తుంది.

17.6 ఇంత జాగ్రత్త ఎందుకు?

ఒక పక్షి ఉన్నదా లేదా అన్నదానిపై భూమి, నీరు, ఇళ్లు, ఉపాధి ఆధారపడవచ్చు. కలివికోడి సంగతి తెలుగువారందరికీ తెలియవలసినది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది తిరిగి దొరికింది. వెతికినది బొంబాయి సంస్థ పరిశోధకుడు భరత్ భూషణ్. పట్టి చూపించినది ఆ అడవి తెలిసిన స్థానిక వేటగాడు. ఒకరికి పుస్తకజ్ఞానం, ఇంకొకరికి నేలజ్ఞానం ఉన్నాయి. రెండూ కలిస్తేనే నిర్ధారణ జరిగింది. ఆ ఆధారంతో 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ దారిని కూడా ఈ పక్షి ఉన్న చోటును తప్పించి మార్చవలసి వచ్చింది. కలివికోడి నీటిపక్షి కాకపోయినా ఈ పాఠం దానికీ వర్తిస్తుంది.

ఓఖ్లాలోనూ ఇలాగే జరిగింది. 2013లో జాతీయ హరిత న్యాయస్థానం ఈ కేంద్రం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కట్టడాలపై ఆంక్షలు విధించింది. నోయిడాలో ఇళ్లు కొనుక్కున్న ఎన్నో కుటుంబాలు తాళంచెవులకోసం ఎదురుచూడవలసి వచ్చింది. 2015లో కేంద్రప్రభుత్వం చాలా చిన్న రక్షణవలయాన్ని నిర్ణయించి ప్రకటించింది. ఇటువంటి తగవుల్లో ఇరుపక్షాలూ పక్షుల లెక్క అడుగుతాయి. తప్పుడు రికార్డు చేరితే పక్షికీ నష్టమే, మనిషికీ నష్టమే. ఒక అబద్ధం బయటపడితే దాని పక్కనున్న నూరు నిజాలను కూడా జనం నమ్మరు.

17.7 కృత్యం

మునిర్కా దగ్గరివారు హౌజ్‌ఖాస్ చెరువుకు వెళ్లండి. అల్లావుద్దీన్ ఖిల్జీ తవ్వించిన చెరువు అది. ఇతర ప్రాంతాలవారు మీ ఊరి చెరువుకు వెళ్లండి. బాగా తెలిసిన ఒక పక్షిని ఎంచుకుని, 17.3లోని 8 అంశాల ప్రకారం 20 నిమిషాలు వర్ణన రాయండి. పక్షి పేరు మాత్రం రాయకండి. ఆ పుటను మీ స్నేహితునికి గానీ, ఇంట్లోవారికి గానీ ఇచ్చి పేరు చెప్పమనండి. వారు చెప్పలేకపోతే మీ వర్ణనలో లోపం ఎక్కడుందో వెతకండి. తెలిసిన పక్షులపై ఈ సాధన చేసినవారే తెలియని పక్షి వచ్చిన రోజున సిద్ధంగా ఉంటారు.

17.8 మీరు నేర్చుకున్నవి

• సాధారణ పరిధి తెలిస్తేనే అరుదైన రాక తెలుస్తుంది.
• ముందు చూడాలి, తరువాత రాయాలి, ఆ తరువాతే పుస్తకం తెరవాలి.
• ఒక్క లక్షణంతో తీర్పు చెప్పకూడదు. పోలిన జాతులన్నిటినీ ఒకటొకటిగా తొలగించాలి.
• ఆధారం, ఇతర సాక్షులు, పక్షి స్వేచ్ఛ, స్థలం, తేదీ: ఇవన్నీ పరీక్షకు నిలవాలి.
• "తెలియదు" అని రాయడం పరిశీలకుని బలహీనత కాదు.

17.9 ముగింపు ప్రశ్నలు

1. పరిధి దాటి పక్షులు కనిపించడానికి నాలుగు కారణాలు రాయండి.
2. గులాబితల బాతుకు, రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్‌కు గల తేడాలు తెలపండి.
3. మీ స్నేహితుడు సాయంత్రం 5.30కి ఎదురెండలో "గులాబిరంగు బాతు"ను చూశానన్నాడు. అతణ్ణి మీరు ఏయే ప్రశ్నలు అడుగుతారు?
4. కలివికోడి నిర్ధారణలో స్థానికుల పాత్రను వివరించండి.

17.10 పాఠ్య ప్రశ్నలకు సమాధానాలు

17.1: (1) గుడ్లు పెట్టే చోటు, చలికాలం గడిపే చోటు, వాటి మధ్య ప్రయాణించే దారి. (2) అవి దక్షిణాసియా పక్షులు. సైబీరియాలో గుడ్లు పెట్టవు.
17.2: (1) బొమ్మ చూశాక అందులో ఉన్న లక్షణాలు పక్షిలోనూ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. (2) (అ) నారింజ (ఆ) 1935.